ఎనిమిదేళ్ల చదువుకు డబ్బంతా మొదటి నాలుగేళ్లలోనే పెట్టేయాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా పెద్దమ్మాయికి డాక్టర్ కావాలని కోరిక. నార్త్ కరోలినాలోని ప్రైవేటు వర్సిటీ డ్యూక్‌లో సీటొచ్చింది కానీ మా ఆదాయానికి ఎయిడ్ (ఆర్థిక సాయం) ఏమీ రాలేదు. ఖర్చు ఏడాదికి 90 వేల డాలర్లు దాటుతోంది. ఇక్కడ యూటీ డాలస్‌లో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్, డాలస్) మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. మావారు ఇంటి మీద అప్పు తెచ్చయినా డ్యూక్‌కే పంపుదామంటున్నారు. నేను వద్దన్నానని అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. మే 1 లోపు ఏదో ఒకటి తేల్చాలి. నాదే తప్పా?

జవాబు: తప్పు లేదమ్మా. కానీ లెక్క చూపించకుండా వద్దంటే, తన మీద అంత ఖర్చు పెట్టడం అమ్మకు ఇష్టం లేదనే ఆ పిల్ల అనుకుంటుంది. ఏళ్ల తరబడి రాత్రుళ్లు మేలుకుని తెచ్చుకున్న సీటది. ముందు తన గదికి వెళ్లి ఆ సీటు వచ్చినందుకు మనసారా మెచ్చుకోండి. డబ్బు మాట ఆ రోజు ఎత్తకండి.

తర్వాత ముగ్గురూ కాగితం, పెన్నూ తీసుకుని కూర్చోండి. నాలుగేళ్లకు డ్యూక్ ఖర్చు 3.6 లక్షల డాలర్ల పైమాటే. దాని తర్వాత మెడికల్ స్కూల్ మరో నాలుగేళ్లు. ఇక్కడే అసలు చిక్కుంది. 2025లో వచ్చిన చట్టంతో, 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ లోన్లు (డిగ్రీ తర్వాతి చదువులకు ప్రభుత్వం ఇచ్చే అప్పులు) లేవు. మెడిసిన్‌కు ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షల డాలర్లకు మించదు. ఆపైన కావాలంటే ప్రైవేటు లోనే. దానికి కోసైనర్ (హామీదారు) సంతకం కోసం మళ్లీ మీ దగ్గరికే రావాలి. అప్పటికే ఇల్లు తాకట్టులో ఉంటే ఏం చేస్తారు? చిన్నపిల్లల చదువుకు ఏం మిగులుతుంది? ఈ రెండూ మీవారిని నెమ్మదిగా అడగండి. తాను పడ్డ ఇబ్బంది బిడ్డ పడకూడదనే ఆయన తాపత్రయం, దాన్ని తీసిపారేయకండి.

మెడికల్ స్కూల్‌కు ముందు చదివే ప్రీమెడ్ అంటే వేరే డిగ్రీ ఏమీ కాదు. బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ లాంటి కోర్సులు ఎక్కడ చదివినా అవే. మెడికల్ స్కూళ్లలో చేరేవాళ్ల సగటు జీపీఏ 4కి 3.8 దగ్గర, ఎంక్యాట్ (మెడికల్ ప్రవేశ పరీక్ష) మార్కులు 528కి 511, 512 దగ్గర ఉంటోంది. దరఖాస్తు చేసినవాళ్లలో సగం మందికి కూడా సీటు రాదు. కాలేజీ పేరుకు కొంత విలువ ఉంది, కాదనను. అయితే ఆర్గానిక్‌లో సీ గ్రేడ్ వస్తే ఆ పేరు ఆదుకోదు.

యూటీ డాలస్‌లో కష్టం లేదనీ అనను. మొదటి ఏడాది సైన్స్ క్లాసులు పెద్దవిగా ఉంటాయి. ప్రొఫెసర్ తనంతట తాను మీ అమ్మాయిని గుర్తుపట్టడు. ఆఫీస్ అవర్స్‌కు (ప్రొఫెసర్ విద్యార్థులను కలిసే వేళలకు) తనే వెళ్లి పరిచయం పెంచుకోవాలి, రేపు సిఫార్సు లేఖ రాసేది ఆయనే. రీసెర్చ్‌కు యూటీ సౌత్‌వెస్టర్న్ మెడికల్ స్కూల్ దగ్గర్లోనే ఉంది.

ఒక్క మాట మాత్రం జాగ్రత్త. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో 90 శాతం సీట్లు టెక్సాస్ వాళ్లకేనని చెప్పి, డ్యూక్‌కు వెళ్తే అవి పోతాయని పిల్లను భయపెట్టకండి. మీరిక్కడే ఉండి, తను మీ మీద ఆధారపడి చదువుతున్నంత కాలం మామూలుగా రెసిడెన్సీ (టెక్సాస్ వాసి అన్న హోదా) ఎక్కడికీ పోదు. పైగా ఆ స్కూళ్ల ఫీజు దేశంలోనే తక్కువల్లో ఒకటి. తనకు అది పెద్ద అండ.

డాక్టర్ కాకపోతే ఏం చేస్తావని కూడా అడగండి. కన్సల్టింగ్, ఫైనాన్స్ లాంటివి మనసులో ఉంటే డ్యూక్ పేరు ఎక్కువ పనికొస్తుంది, అప్పుడు మీ లెక్క మారుతుంది. మెడిసినే అంటే నా ఓటు యూటీ డాలస్‌కే. ఇల్లు ముట్టుకోకుండా నాలుగేళ్లూ కట్టగలిగే పొదుపు మీకుంటే మాత్రం డ్యూక్‌కే పంపండి, అడ్డు చెప్పకండి.

ఈలోగా డ్యూక్ ఎయిడ్ ఆఫీసుకు అప్పీలు రాయండి. ఇండియాలో పెద్దవాళ్లకు పంపే డబ్బు ఉంటే బిల్లులతో సహా చూపించండి. వాళ్ల జవాబు వచ్చేదాకా యూటీ డాలస్ సీటును వదులుకోవద్దు.