మతం లేనివాళ్లు ఎంతమందో సర్వేలో ఎలా తేల్చాలి?

ఎంఏ సోషియాలజీ ప్రాజెక్టుకు మీ జిల్లాలో 200 మందిని అడిగి మతం లేనివాళ్లు ఎంత శాతమో చెప్పాలి, ఏ ప్రశ్నావళి వాడమంటారు అని అడిగారు. ఏది వాడినా సరే, ఇంగ్లిషు ప్రశ్నావళి దించుకుని తెలుగు చేసి మాత్రం వాడకండి. ఈ రంగంలో సగం గొడవ జనం మారినందుకు కాదు, ప్రశ్న మారినందుకు.

మన దేశం లెక్కలే చూడండి. 2011 జనగణనలో నాస్తికులమని రాయించుకున్నవాళ్లు 33,304 మంది. 121 కోట్లలో! మరుసటి ఏడాదే విన్-గ్యాలప్ అనే అంతర్జాతీయ పోల్ సంస్థల సర్వే భారతీయుల్లో 3 శాతం గట్టి నాస్తికులు, ఇంకో 13 శాతం మతపరులు కారు అని తేల్చింది. దేశంలో భక్తి తగ్గిపోతోందని పేపర్లవాళ్లు సంబరంగా రాశారు, అడిగిన ప్రశ్నేమిటో చూసిన పాపాన పోలేదు. ప్యూ అనే అమెరికా పరిశోధన సంస్థ దాదాపు 30 వేల మందిని 17 భాషల్లో అడిగి 2021లో అచ్చేసిన సర్వేలో 97 శాతం దేవుణ్ణి నమ్ముతామన్నారు. మూడింట్లో ఏదీ అబద్ధం కాదు. జనగణన ఫారంలో ఆరు మతాలకే కోడ్ నంబర్లు, ‘మతం లేదు’కి కోడే లేదు. విన్-గ్యాలప్ వాళ్లేమో, ప్రార్థనాలయానికి వెళ్లే సంగతి పక్కనపెట్టి, మీరు మతపరులా, కాదా, గట్టి నాస్తికులా అని అడిగారు.

ఆ ప్రశ్న తెలుగులో ఎలా పడుతుందో ఊహించండి. ‘మీరు భక్తిపరులేనా?’ అంటే శనివారం ఒక్కపొద్దు ఉండే మనిషి కూడా ‘అబ్బే, అంత భక్తేం లేదండీ, ఏదో పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటాం’ అంటాడు. అది వినయం. మీ ఫారంలో మాత్రం ‘మతపరుడు కాదు’ గడిలో టిక్కు పడుతుంది. ‘సెక్యులర్’ మాట అసలే వద్దు. మన దగ్గర దానికి అన్ని మతాలకూ దణ్ణం పెట్టేవాడనే అర్థం స్థిరపడింది, మతం లేనివాడని కాదు.

ఇక జనం చెప్పేదానికీ చేసేదానికీ ఎంత తేడా ఉంటుందో చూడాలంటే అమెరికా వెళ్లాలి. పోల్‌లో అడిగితే ఏళ్ల తరబడి 40 శాతం మంది వారం వారం చర్చికి వెళ్తున్నామనేవారు. చర్చిలు చూస్తే అంత నిండుగా ఉండవు. హాడవే, మార్లర్, చేవ్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఒహాయో రాష్ట్రంలో ఆష్టబ్యూలా అనే ఒక్క కౌంటీని (మన జిల్లా లాంటిది) పట్టుకున్నారు. ముందు ఫోన్ సర్వే. తర్వాత చర్చిల జాబితా. జాబితాకెక్కని చిన్న చర్చిల కోసం రోడ్ల వెంట కారేసుకుని వెతికారు. చర్చివాళ్ల దగ్గర ఆదివారం హాజరు తీసుకున్నారు, లెక్క దొరకనిచోట పార్కింగులో కార్లు లెక్కపెట్టారు. ఫోన్లో వెళ్లామన్న ప్రొటెస్టెంట్లు 35.8 శాతం, లెక్కలో తేలినవాళ్లు 19.6. 1993లో ఇది అచ్చయింది. ‘పోయిన వారం వెళ్లారా’ అనే ప్రశ్న వాళ్లకు ‘మీరు మంచి క్రైస్తవులేనా’ అన్నట్టు వినిపించింది. చూడండి, అక్కడ బడాయి, ఇక్కడ వినయం. రెంటికీ ఒకే దిద్దుబాటు పనికిరాదు.

హాజరు ప్రశ్న మనవాళ్లకు అతకదు. ఏడాదికోసారి తిరుపతి వెళ్లొచ్చి మిగతా రోజులు గుడి మొహం చూడనివాణ్ణి మతం లేనివాడంటే నవ్వుతారు. కర్మకాండ అడగండి, అదీ జరిగిపోయినదాన్ని. మీ ఇంట్లో ఆఖరి పెళ్లికి ముహూర్తం ఎవరు పెట్టారు? రిజిస్టరు పెళ్లయితే తర్వాత గుళ్లో దండలు మార్చుకున్నారా? నాన్నగారి తద్దినం పెడుతున్నారా, మానేశారా, ఎప్పటినుంచి? క్రైస్తవులనైతే పిల్లల బాప్తిస్మం, ముస్లింలనైతే నిఖా, జనాజా గురించి విడిగా రాసుకోండి. నమ్మకం ప్రశ్న వీటి తర్వాతే. ముందే పెడితే ఆ జవాబుకు తగ్గట్టు మిగతావన్నీ సర్దుకుని చెబుతారు.

నాస్తికత్వం నోటితో చెప్పించకుండా లెక్కకట్టే పద్ధతి ఒకటుంది. జనాన్ని చీటీలేసి రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి ‘నాకు మోటార్‌సైకిల్ నడపడం వచ్చు’ లాంటి మామూలు వాక్యాలు నాలుగు, రెండో గుంపుకి అవే నాలుగుతోపాటు ‘నేను దేవుణ్ణి నమ్మను’. ఎన్ని నిజమో అంకె మాత్రం చెప్పాలి, ఏవో చెప్పక్కర్లేదు. మొదటి గుంపు సగటు 1.90, రెండోది 2.02 అయితే తేడా 0.12, అంటే 12 శాతం. 2018లో గెర్వే, నాజ్లే అనే పరిశోధకులు ఇలాగే అమెరికాలో 26 శాతం దాకా లెక్క తేల్చారు. మీకు మాత్రం ఇది వద్దు. 200 మందిని గుంపుకి నూరుమంది చొప్పున చేస్తే లెక్కలో అటూ ఇటూ 28 శాతం దాకా తేడా ఉంటుంది. గుంపుకి రెండేసి వేల మంది ఉన్నా 6 శాతం ఉంటుంది.

చివరిగా, ఏ ఇంగ్లిషు ప్రశ్నావళిలోనూ కనపడని చిక్కు ఒకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషనే మిగులుతుంది. అందుకే ఆదివారం ప్రార్థనకి వెళ్లే మనిషి కూడా ఫారం పట్టుకొచ్చిన కొత్తమనిషికి ‘హిందూ’ అనే చెబుతాడు, చెప్పాలి కూడా. కులం, మతం ఒకే కాగితం మీద అడగకండి. పేరు, ఆధార్, ఫోన్ నంబరు తీసుకోకండి. కోడల్ని అడిగేటప్పుడు అత్తగారు పక్కన లేకుండా చూసుకోండి, ఆవిడుంటే ఇంటిల్లిపాది జవాబులూ ఆవిడే చెప్పేస్తుంది.