లూవర్ తలుపు మార్చడానికి అత్యవసర నిధి తీయాలా?

ప్రశ్న: మాది సొంత ఇల్లు. పడకగదిని ఆనుకుని ఉన్న చిన్న సామాన్ల గదికి పాతకాలపు లూవర్ తలుపు, అంటే సందులు వదిలి వాలుగా అడ్డపట్టీలు పేర్చిన తలుపు ఉంది. తలుపు గట్టిగానే ఉంది కానీ అడ్డపట్టీల్లో దుమ్ము పేరుకుపోతోంది, చూడటానికీ బాగుండదు. కొత్త తలుపు పెట్టడానికి వడ్రంగి చెప్పిన మొత్తం మా నెల ఖర్చులో సగం. అత్యవసర నిధిలో నాలుగు నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది. అందులోంచి తీద్దామని మావారు అంటున్నారు. కార్డు మీద ఆరు వాయిదాల్లో కట్టేయవచ్చని నా ఆలోచన. ఉన్న తలుపునే ఏదో ఒకటి వేసి కప్పేస్తే సరిపోతుంది కదా అని మా అత్తగారు. రెండు మూడేళ్ళలో ఈ ఇల్లు అమ్మి మారిపోవచ్చు. ఏది మేలు?

సమాధానం: నేను మీ అత్తగారి మాట వైపే మొగ్గుతాను. కాకపోతే కప్పడానికి ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఆ గదిలో ఏముందో మీరు రాయలేదు. ఖర్చు ఎంతవుతుందన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

లూవర్ తలుపును అలంకారం కోసం పెట్టేవారూ ఉన్నారు, కానీ ఆ పట్టీల అసలు పని లోపలి దృశ్యాన్ని దాచుతూనే గాలిని ఆడనివ్వడం. గదిలో గ్యాస్‌తో నీళ్ళు వేడిచేసే హీటర్ ఉండి, అది మండటానికి కావలసిన గాలి ఆ పట్టీల సందుల్లోంచే వెళుతుంటే, తలుపును మూసివేసే ఆలోచన పూర్తిగా మానేయండి. గాలి చాలక గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు, ప్రాణం తీస్తుంది. అలాంటి చోట గ్యాస్ పరికరాల పని తెలిసిన మనిషి చూసి సరేనంటేనే తలుపు జోలికి వెళ్ళాలి. గట్టి పలకతో చేసిన కొత్త తలుపుకూ ఇదే వర్తిస్తుంది. కరెంటుతో బట్టలు ఆరబెట్టే మెషిన్, చెప్పులు, తడి తువ్వాళ్ళు ఉంటే ప్రాణభయం లేదు కానీ, గాలి ఆడకపోతే తేమ పట్టి బూజు వస్తుంది. అప్పుడు తలుపు మీద మిగిల్చిన డబ్బు గోడకు మళ్ళీ సున్నం వేయడానికీ పాడైన బట్టలకూ పోతుంది. పరుపులు, పెట్టెలు, పుస్తకాలు లాంటి పొడి సామాన్లే అయితే కప్పడానికి పెద్ద అభ్యంతరం లేదు. అప్పుడు కూడా పలక అడుగున, పైన వేలెడంత ఖాళీ వదలమనే చెబుతాను.

ఇక ఎలా కప్పాలి? అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యేది రంగు. తలుపును గోడ రంగులోనే ముంచేస్తే కంటికి ఆనదు. గాలికీ అడ్డం రాదు. అయితే లూవర్ తలుపుకు రంగు వేయడంలో డబ్బు పోయేది రంగు డబ్బాకు కాదు, కూలికి. ప్రతి పట్టీకీ పైన, కింద, అంచున గరుకు కాగితంతో రుద్దాలి, దుమ్ము తుడవాలి, ప్రైమర్ వేయాలి, ఆ తర్వాతే రంగు. కుంచెతో వేస్తే పట్టీ చివరల్లో రంగు కారి గడ్డకడుతుంది, అందుకే తలుపును ఊడదీసి స్ప్రేతో కొట్టించడం మేలు. ఓపిక ఉండి రుద్దడం వరకు మీరే చేసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. ఇల్లు చాలా పాతదై, పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంటే మాత్రం పొడిగా రుద్దకండి, ముందు పరీక్ష చేయించండి. ఆ దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం.

రెండో దారి పట్టీల మీద పలక బిగించడం. ఇక్కడ బరువు లెక్క చూసుకోవాలి. 2 మీటర్ల ఎత్తు, 75 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తలుపు అంటే 1.5 చదరపు మీటర్లు. దానికి ఒకవైపు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేస్తే అదనంగా పడేది అయిదారు కిలోలు. అదే 4 మిల్లీమీటర్ల అద్దం వేస్తే 15 కిలోలు. పాత బందులు ప్లైవుడ్‌ను మోస్తాయి. అద్దాన్ని మోయలేక తలుపు కిందికి జారితే బందులు, వడ్రంగి కూలి, మళ్ళీ రంగు అంటూ ఖర్చు మొదటికి వస్తుంది. అద్దం అంతగా ఇష్టమైతే తలుపు మధ్యలో చిన్నది పెట్టించుకోండి. పలకను జిగురుతో అంటించకుండా స్క్రూలతో బిగించమనండి. రేపు ఇల్లు కొనేవారికి పట్టీలే నచ్చవచ్చు, విప్పి ఇచ్చేయవచ్చు.

పరదా సంగతి ఒక్క మాటలో చెబుతాను: తలుపు తీసి భద్రంగా పక్కన పెట్టి పరదా వేలాడదీస్తే గాలీ ఆడుతుంది, దాదాపు ఖర్చూ ఉండదు. కానీ మంట దగ్గర గుడ్డ ఉండకూడదు, హీటరున్న గదికి ఇది పనికిరాదు.

డబ్బు విషయానికి వద్దాం. అత్యవసర నిధిని ముట్టుకోవద్దు. మూడు నుంచి ఆరు నెలల ఖర్చులు చేతిలో ఉండాలన్నది డబ్బు విషయంలో సలహాలిచ్చే మా వృత్తిలో అందరూ చెప్పే మాట. మీ దగ్గర నాలుగే ఉన్నాయి, పైగా ఇల్లు మారే ఆలోచనలో ఉన్నారు. ఇల్లు మారేటప్పుడు అనుకోని ఖర్చులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తలుపు గట్టిగా ఉందని మీరే రాశారు. ఆరు నెలలు ఆగితే దానికేమీ కాదు.

వాయిదాల విషయంలో మీ లెక్కను కాస్త దగ్గరగా చూద్దాం. వడ్డీ లేదంటూ 2 శాతం రుసుము తీసుకుంటారనుకోండి, చిన్న మొత్తంలాగే కనిపిస్తుంది. కానీ ఆరు వాయిదాల్లో అసలు నెలనెలా తగ్గుతూ వస్తుంది కాబట్టి, మొత్తం డబ్బు సగటున మీ దగ్గర ఉండేది మూడున్నర నెలలే. ఏడాదికి లెక్కేస్తే అది దాదాపు 7 శాతం. రొక్కంగా ఇస్తే 5 శాతం తగ్గిస్తానని వడ్రంగి అంటే, ఆ తగ్గింపు కూడా వదులుకున్నట్టే. రెండూ కలిపితే ఏడాదికి 24 శాతం దాటుతుంది. ఒక వాయిదా తప్పి కార్డు మామూలు వడ్డీలోకి జారితే ఇంకా బరువు: నెలకు 3 శాతమంటే చక్రవడ్డీతో ఏడాదికి 42.6 శాతం. రెండు మూడేళ్ళు చూసి వదిలేసే తలుపు కోసం అంత ఇవ్వడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మీరు కట్టగలమనుకున్న ఆ వాయిదా మొత్తాన్నే నెలనెలా విడిగా ఒక పొదుపు ఖాతాలో వేయండి. మ్యూచువల్ ఫండ్ల ఈక్విటీ పథకాల్లో వద్దు, ఇంత తక్కువ వ్యవధికి అవి తగవు. రంగు పనికి డబ్బు రెండు మూడు నెలల్లోనే కూడవచ్చు. మిగతా నెలల్లో వేసేది అత్యవసర నిధిలో కలిపేయండి. కొత్త తలుపు వేస్తే ఇంటి ధర ఆ మేరకు పెరుగుతుందన్న ఆశ పెట్టుకోకండి. సామాన్ల గది తలుపు చూసి ఎక్కువ ధర చెప్పే కొనుగోలుదారు అరుదు. విరిగిన పట్టీ, బిగుసుకుపోయిన గడియ ఉంటే మాత్రం బేరం తగ్గించడానికి అది సాకవుతుంది కనుక వాటిని బాగుచేయించండి.

వడ్రంగిని మరోసారి పిలిచి, రంగుకు ఒకటి, పలకకు ఒకటి చొప్పున రెండు అంచనాలు రాయించుకోండి. సామాను, కూలి, పాత తలుపు ఊడదీయడం, బందులు వేరువేరుగా కనబడాలి. ఆ గదిలో ఏముందో, ఆ రెండు అంకెలేమిటో నాకు రాస్తే, ఎన్ని నెలలు దాచాలో లెక్కవేసి చెబుతాను.