ఫోన్ లాక్కోకండి, సాక్ష్యం భద్రపరచండి

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. క్లాసులో మా మతం వాళ్లు తనొక్కతే. మొదట పేరు వంకరగా పలికి నవ్వేవారట. ఇప్పుడు తన ఫొటోను స్టిక్కర్ చేసి, మతాన్ని తిడుతూ క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. టీచరేమో ‘పిల్లలన్నాక మామూలే’ అంటున్నారు. సోమవారం వస్తే చాలు, తనకు కడుపునొప్పి. ఫోన్ తీసేసుకుని స్కూలు మార్చేద్దామంటున్నారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: ఫోన్ మాత్రం లాక్కోకండి. చెబితే ఫోన్ పోతుందనే చాలామంది పిల్లలు ఇలాంటివి కడుపులో దాచుకుంటారు. మీ అమ్మాయి నమ్మి చెప్పింది. ఇప్పుడు లాక్కుంటే తప్పు తనదే అనుకుంటుంది, ఇకముందు ఏం జరిగినా మీ దాకా రాదు. తను చూడనంత మాత్రాన గ్రూపులో స్టిక్కర్లు ఆగవు కూడా.

ఈ రాత్రే మీరూ అమ్మాయీ కూర్చుని స్క్రీన్‌షాట్లు తీయండి. తేదీ, సమయం, ముందూ వెనకా ఉన్న మెసేజ్‌లు కనబడాలి. పేరొక్కటే చాలదు, దాన్ని ఎవరికి నచ్చినట్టు వాళ్లు సేవ్ చేసుకోవచ్చు. పేరు మీద నొక్కి నంబరున్న పేజీ, గ్రూపు సభ్యుల జాబితా, అడ్మిన్ల పేర్లు కూడా తీయండి. తర్వాత వాట్సాప్‌లోని ‘ఎక్స్‌పోర్ట్ చాట్’తో గ్రూపు చాట్‌ను ఫొటోలతో సహా మీ ఈమెయిల్‌కు పంపుకోండి. అవతలివాళ్లు డిలీట్ చేసేలోపే ఇదంతా అయిపోవాలి. రిపోర్ట్ చేయడం, బ్లాక్ చేయడం, గ్రూపులోంచి బయటికి రావడం ఆ తర్వాతే. తనను తిరిగి తిట్టనివ్వకండి. తను కోపంలో రాసిన ఒక్క మాట స్కూలుకు చేరితే చాలు, ‘ఇద్దరిదీ తప్పే’ అని ఫైలు మూసేస్తారు.

టీచరుతో నోటిమాట అయిపోయింది కాబట్టి ఇక ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక్క పేజీ చాలు: ఏ రోజు, ఎక్కడ, ఏ మాట అన్నారో ఉన్నదున్నట్టుగా, ఎవరు చూశారు, బడికి ఎన్ని రోజులు పోలేదు. ‘ఏడిపిస్తున్నారు’ అని రాస్తే అల్లరి కింద కొట్టేస్తారు. ‘మతం పేరుతో పదేపదే వేధిస్తున్నారు’ అని రాయండి. ఒకవైపు గుంపు, మరోవైపు ఒంటరి పిల్ల. ఇద్దరి మధ్య గొడవలా దీన్ని చూడకూడదు. అందుకే ఎదురెదురుగా కూర్చోబెట్టి సారీ చెప్పించే రాజీకి ఒప్పుకోకండి. ఆ గదిలోంచి బయటికి రాగానే కక్ష మొదలవుతుంది. ఎవరు బాధ్యత తీసుకుంటారు, విరామంలోనూ బస్సులోనూ ఎవరు కనిపెట్టుకుని ఉంటారు, ఎప్పటిలోగా అన్నది రాసివ్వమనండి. అవతలి తల్లిదండ్రులకు మీరే నేరుగా ఫోన్ చేయొద్దు.

ఇంట్లో ‘పట్టించుకోకు’, ‘మనం ఎవరమో బయట చెప్పకు’ అనే మాటలు రానివ్వకండి. పేరు కుదించి పిలవమంటోందా? మిమ్మల్ని స్కూలు గేటు దగ్గరికి రావద్దంటోందా? అయితే తిట్లు లోపలికి దిగుతున్నాయి. ‘నీలోగానీ మనలోగానీ తప్పేమీ లేదు’ అని స్పష్టంగా చెప్పండి. క్లాసులో మనసున్న పిల్ల ఒక్కతి ఉన్నా, గ్రూపులో ఎదిరించనక్కర్లేదు, పక్కన కూర్చుని ‘వాళ్లన్నది తప్పు’ అంటే ఎంతో ధైర్యం.

‘బతికి ఏం లాభం’ లాంటి మాట వినబడితే చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

స్కూలు మార్చడం గురించి మీవారితో ఇలా మాట్లాడండి: లేఖకు ఏం జవాబు వస్తుందో, వారం తర్వాత వేధింపు తగ్గిందో లేదో ముందు చూద్దాం. ఆపడానికి స్కూలు ఏమీ చేయకపోతే మారుద్దాం, కానీ ఆ నిర్ణయంలో అమ్మాయి మాటే ముందుండాలి.