అమెరికా ఎదుగుదల గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 1865లో అంతర్యుద్ధం నుంచి బయటపడ్డ దేశం యాభై ఏళ్ళు తిరక్కుండానే ప్రపంచ వ్యవహారాల్లో పెద్దరికం ఎలా సంపాదించింది? ఇంత పెద్ద ప్రశ్న తలకెత్తుకున్నందుకు నిజంగా సంతోషం. కానీ మొదటి రెండు పేజీలూ అంకెలే. ఉక్కు ఇంత, పట్టాలు అంత, బొగ్గు మరింత. పేజీ తిప్పేసరికి ఒక్కటీ గుర్తుండదు.

అంకె వద్దని కాదు. 1900 నాటికి అమెరికా ఏడాదికి కోటి టన్నుల పైగా ఉక్కు తీస్తోంది, బ్రిటన్ తీసేదానికి దాదాపు రెట్టింపు. ఈ ఒక్కటీ ఉంచు, ఆ ఉక్కు వెనకే నడువు. మిన్నెసోటాలోని మెసాబీలో ఇనుప ఖనిజం నేల పైపొరల్లోనే, మెత్తగా దొరికేది. ఆవిరి యంత్రాలతో తవ్వి రైలు పెట్టెల్లో పోసేవాళ్ళు. సుపీరియర్ సరస్సులో ఓడకెక్కించి, ఈరీ సరస్సు ఒడ్డున దించి, మళ్ళీ రైల్లో పిట్స్‌బర్గ్ చేర్చేవాళ్ళు. అక్కడ కొలిమికి కావలసిన కోక్, అంటే బొగ్గు నుంచి తీసే ఇంధనం, దగ్గర్లోనే ఉంది. ఇది చదివాక ఆ కోటి టన్నులు కళ్ళకు కడతాయి.

తర్వాత పిట్స్‌బర్గ్ పక్కనున్న హోమ్‌స్టెడ్ ఊరి దగ్గర ఆగు. నువ్వు దాన్ని అర వాక్యంలో దాటేశావు, నాకు బాధేసింది. మొనాంగహీలా నది ఒడ్డున ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ మిల్లు. పన్నెండు గంటల షిఫ్టులు. 1892లో జీతాల కోత మీద గొడవ ముదిరి, యాజమాన్యం గేట్లు మూసింది. జులై 6 తెల్లవారుజామున యాజమాన్యం పిలిపించిన దాదాపు మూడు వందల మంది పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా ఏజెన్సీ మనుషులు తుపాకులతో బార్జీల మీద వచ్చారు. ఒడ్డున కార్మికులు, వాళ్ళతో పాటు ఊరి జనం. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. తర్వాత రాష్ట్ర సైన్యం దిగింది, యూనియన్ విరిగిపోయింది. మిల్లు నడిపిస్తున్న ఫ్రిక్ పక్కనే పిట్స్‌బర్గ్‌లో ఉన్నాడు, యజమాని కార్నెగీ స్కాట్లండ్‌లో ఉన్నాడు.

ఆ మిల్లులోనే అమెరికా నౌకాదళం యుద్ధనౌకలకు తొడిగే ఉక్కు కవచాలు తయారయ్యేవి. నువ్వు పరిశ్రమలకో అధ్యాయం, విదేశాంగ విధానానికో అధ్యాయం కేటాయించి మధ్యలో గోడ కట్టావు. ఆ రెండూ ఒకే ఊళ్ళో, ఒకే కొలిమి దగ్గర ఉన్నాయి చూడు.

ఇక నీతో అసలు పేచీ. సరుకు మిగిలిపోయింది, మార్కెట్లు కావాలి, అందుకే 1898లో స్పెయిన్‌తో యుద్ధం చేసి ఫిలిప్పీన్స్ పట్టుకున్నారు అని తేల్చేశావు. 1893 ఆర్థిక సంక్షోభం తర్వాత బయటి మార్కెట్ల కోసం గట్టిగా వాదించినవాళ్ళు ఉన్నమాట నిజమే. కానీ ఆ రోజుల్లో అమెరికా ఎగుమతుల్లో ఎక్కువ భాగం వెళ్ళింది యూరప్‌కే. పైగా ఉక్కుతో కోట్లు గడించిన కార్నెగీయే ఫిలిప్పీన్స్‌ను కలుపుకోవద్దని సామ్రాజ్య వ్యతిరేక లీగ్‌లో చేరాడు. దీన్ని ఎక్కడ ఇముడుస్తావు?

ఫ్యాక్టరీలు సత్తా ఇచ్చాయి. దాన్ని ఎక్కడ వాడాలో మనుషులు కూర్చుని తేల్చారు. 1899 ఫిబ్రవరి 6న, ఫిలిప్పీన్స్‌ను అమెరికాకు అప్పగించే స్పెయిన్ ఒప్పందం అమెరికా సెనేట్‌లో ఓటింగుకు వచ్చింది. అనుకూలంగా 57, వ్యతిరేకంగా 27. ఒప్పందం నెగ్గాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, దానికి 56 చాలు, అంటే ఒక్క ఓటే ఎక్కువ! ఇద్దరు అటు మారి ఉంటే ఆ రోజు ఒప్పందం వీగిపోయేది. రెండు రోజుల ముందే, ఫిబ్రవరి 4న, మనీలా దగ్గర అమెరికా సైనికులకూ ఫిలిప్పినోలకూ కాల్పులు మొదలయ్యాయి. నీ వ్యాసానికి గుండెకాయ ఇక్కడుంది. కనీసం రెండు పేరాలు ఇవ్వు.

ఫిలిప్పినోల వైపు నుంచి కూడా రాయి. అగినాల్డో నాయకత్వంలో వాళ్ళు 1898 జూన్ 12నే స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఆరు నెలల తర్వాత పారిస్‌లో, వాళ్ళకు చోటే లేని బల్ల దగ్గర, వాళ్ళ దేశం రెండు కోట్ల డాలర్లకు చేతులు మారింది. తర్వాతి యుద్ధంలో, దాంతో పాటు వచ్చిన ఆకలిలో, రోగాల్లో రెండు లక్షల దాకా పౌరులు చనిపోయారని అంచనా. వలస పాలన కింద నలిగిన మనం అమెరికా ఎదుగుదల గురించి రాస్తూ ఈ మాట వదిలేస్తే ఎలా?

పనామా కాలువ భాగం బాగుంది. 'ఒరెగాన్' యుద్ధనౌక సంగతి చేర్చు. 1898 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయల్దేరి, దక్షిణ అమెరికా కొస చుట్టి ఫ్లోరిడా చేరడానికి 66 రోజులు పట్టింది. 1914లో తెరిచిన కాలువ ఎందుకు కావాల్సొచ్చిందో పాఠకుడికి అదే చెబుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం, అప్పుతీసుకునే దేశం అప్పిచ్చే దేశంగా మారడం, ఇవి ఈ వ్యాసంలో వద్దు. వాటికి విడిగా రాయొచ్చు.

ముందు హోమ్‌స్టెడ్, సెనేట్ ఓటు, ఈ రెండు భాగాలే తిరగరాసి పంపు. మిగతావి అవి కుదిరాక చూద్దాం.

నీ అన్నయ్య