అశాంతి ప్రాంతమా, అషాంటీ ప్రాంతమా?

సందేహం: "ఘానాలోని అశాంతి ప్రాంతంలో బంగారు గనులున్నాయి" అని ఒక వార్తలో చదివి, అక్కడేదో కల్లోలం రేగిందనుకున్నాను. తీరా చూస్తే ఆ ప్రాంతం పేరే అదట! తెలుగులో ఎలా రాయాలి? దాన్ని రాష్ట్రం అనవచ్చా?

సమాధానం: మీరు పొరబడటానికి ఆ వర్ణక్రమమే కారణం. 'అశాంతి' అని కనబడగానే మనకు శాంతి లేకపోవడమే తోస్తుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చిన మాటల్లో మనం ట-కారమే రాస్తాం కదా: టికెట్టు, హోటలు, కోటు. అలాగే 'అషాంటీ' అంటే పేచీ ఉండదు.

అక్కడి జనం తమను 'అసాంటే' అనే చెప్పుకుంటారు. వాళ్ల భాష ట్వీ. 'ష' బ్రిటిష్‌వారి రాతల్లోంచి వచ్చింది. అందుకే నేను ప్రజలకూ పాత రాజ్యానికీ 'అసాంటే' అనీ, నేటి పరిపాలన విభాగానికి 'అషాంటీ' అనీ రాస్తాను. ట్వీలో 'ఒసా' యుద్ధం, 'న్టి' వల్ల. యుద్ధం వల్ల ఏకమైనవాళ్లు కనుక అసాంటే అయ్యారని అక్కడ వ్యుత్పత్తి చెప్పుకుంటారు. చరిత్ర కూడా దానికి అనుగుణంగానే ఉంది. డెంకీరా అనే పొరుగు రాజ్యం పెత్తనం కింద నలిగిన చిన్న రాజ్యాలు, అసాంటే తొలి రాజు ఒసై టూటు వెనక కూడి, 1701లో ఫేయాసే దగ్గర డెంకీరాను ఓడించాయి.

వాళ్ల 'బంగారు పీట'ను మన పత్రికలు 'స్వర్ణ సింహాసనం' అంటే నాకు బాధ కలుగుతుంది. సింహాసనం రాజు కూర్చునేది. ఈ పీట మీద రాజైనా కూర్చోడు. జాతి ప్రాణం అందులో ఉందని వాళ్ల నమ్మకం. బ్రిటిష్‌వారు 1896లో రాజు ప్రెంపేను పట్టుకుపోయారు. 1900లో గవర్నరు హాడ్జ్‌సన్ ఆ పీట తాను కూర్చోవడానికి తెమ్మన్నాడు. ఎజీసు రాజమాత యా అసాంటెవా యుద్ధానికి దిగింది. యుద్ధం ఓడిపోయారు గాని, పీట మాత్రం దొరకనివ్వలేదు. 'సింహాసనం' అని రాస్తే ఈ కథంతా అర్థం కాకుండా పోతుంది. 'బంగారు పీట' అనండి, అదే ఒప్పు.

ఇక రాష్ట్రం మాట. ఘానా మన దేశంలాంటి సమాఖ్య కాదు. 2019 నుంచి అక్కడ 16 ప్రాంతాలున్నాయి. ఒక్కోదానికి దేశాధ్యక్షుడు నియమించిన మంత్రి ఉంటాడు, సొంత శాసనసభ ఉండదు. కనుక రాష్ట్రం కుదరదు. జిల్లా అందామా అంటే, ప్రాంతం కిందే జిల్లాలున్నాయి. చోళమండలం నాటి 'మండలం' చక్కగా అతికేది, కానీ 1985 తర్వాత మనకు మండలమంటే జిల్లాలో ముక్క. 'ప్రాంతం' అనే మాటకు సంస్కృతంలో అంచు, పొలిమేర అని అర్థం. తెలుగులో అది సీమగా స్థిరపడింది. మొదటిసారి 'అషాంటీ పరిపాలన ప్రాంతం' అనీ, తర్వాత 'అషాంటీ ప్రాంతం' అనీ రాస్తే సరిపోతుంది.

ఈ ప్రాంతం పాత రాజ్యమంత పెద్దది కాదు. 1959లో బ్రాంగ్-అహాఫో అనే భాగం దీన్నుంచి విడిపోయి వేరే ప్రాంతమైంది. మిగిలింది 24,389 చదరపు కిలోమీటర్లు. ముఖ్యపట్టణం కుమాసీ. ఉల్క పడిన గోతిలో ఏర్పడ్డ బోసుమ్ట్వీ సరస్సు దానికి దగ్గరే. మీరు చదివిన వార్తను "ఘానాలోని అషాంటీ ప్రాంతంలో, ఒబువాసీ దగ్గర బంగారు గనులున్నాయి" అని రాసి ఉంటే మీకు ఈ సందేహమే వచ్చేది కాదు.