తలకు రంగు మానేద్దామనుకుంటున్న సుజాతకు

సుజాతా,

తలకు రంగు వేసుకున్నాక నువ్వు పంపిన ఫొటో చూశాను. కనురెప్పలు ఉబ్బి కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. చెవుల వెనక పొక్కులు చిట్లి రసి కారుతోంది. "రంగు మానేస్తే నిశ్చితార్థంలో పెళ్ళికూతురికి అమ్మమ్మలా కనపడతావంటున్నారు మా అత్తగారు, ఏం చెయ్యమంటావు పెద్దమ్మా?" అని అడిగావు. మానెయ్యమంటాను. మళ్ళీ ఒక్కసారి కూడా వద్దు.

ఆ రంగుల్లో చాలావాటికి నలుపు ఇచ్చేది పీపీడీ అనే రసాయనం. అది ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే మామూలుగా జీవితాంతం పడదు. వేసుకున్న కొద్దీ వాపు ఇంకా ముదరొచ్చు. కాబట్టి బ్రాండు మార్చి చూద్దామనుకోకు. పెట్టె మీద 'అమ్మోనియా లేదు' అని ఉన్నంత మాత్రాన పీపీడీ లేదని కాదు. 'నల్ల హెన్నా' అని అమ్మేవాటితో ఇంకా జాగ్రత్త. అచ్చమైన గోరింటాకు ఎర్రగానే పండుతుంది, అరగంటలో జుట్టు నల్లబడిందంటే అందులో ఇంకేదో కలిసిందన్నమాటే. ముందు చర్మ డాక్టరుకు చూపించు. వాపు పూర్తిగా తగ్గాక అనుమానమున్న రసాయనాలు కొద్దికొద్దిగా పెట్టిన పట్టీలు వీపు మీద అంటించి ప్యాచ్ టెస్టు చేస్తారు, రెండు రోజులు ఆ పట్టీలు తడవకూడదు. నీకు ఏది పడదో అందులో తేలిపోతుంది.

ఇక మానడం ఎలాగంటావా. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మాఘమాసంలో నిశ్చితార్థానికి ఇంకా నాలుగు నెలలుంది కాబట్టి అప్పటికి పాపిట దగ్గర రెండు వేళ్ళ వెడల్పున తెల్లగా, కింద నల్లగా ఉంటుంది. చాలామంది ఓపిక పోయి మళ్ళీ రంగు డబ్బా తీసేది సరిగ్గా ఇక్కడే. నీ జడ నడుము దాకా ఉంది, అలాగే ఉంచితే ఈ రెండు రంగులు పోవడానికి ఏళ్ళు పడుతుంది. భుజాల దాకా కత్తిరించేస్తే రెండు, రెండున్నరేళ్ళలో బయటపడతావు. జడ కోసం బాధపడతావని తెలుసు, అయినా కత్తిరించమనే చెబుతాను. పాపిట నిటారుగా కాకుండా కాస్త వంకరగా, పక్కకు తియ్యి, గీత అంతగా కొట్టొచ్చినట్టు కనపడదు. తెల్లజుట్టు కొంచెం బిరుసుగా, పొడిగా ఉంటుంది, తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాసుకో.

ఆ ఒక్కరోజుకైనా నల్లగా ఉండాలని నీకే అనిపిస్తే, గుర్తుంచుకో, నీకే అనిపిస్తే, డాక్టరు సరేనన్నాక గోరింటాకు పొడి, ఆ తర్వాత నీలి ఆకు (ఇండిగో) పొడి పెట్టుకోవచ్చు. పాకెట్టు మీద ఆకు పొడి తప్ప ఇంకేమీ రాసి ఉండకూడదు. ముందు మోచేతి మడతలో కాస్త రాసి రెండు రోజులు చూడు. గోరింటాకు కడిగేశాక నీలి ఆకు గోరువెచ్చని నీళ్ళలో కలిపి వెంటనే పట్టించాలి. నలుపు ఒకటి రెండు రోజులకు గానీ తేలదు, కాబట్టి ముందురోజు రాత్రి మొదలుపెట్టకు.

అమ్మమ్మలా కనపడతావన్న మాటకు నాకు కోపం వచ్చింది. మీ ఆయన కణతలు నెరిసి ఎన్నాళ్ళయింది? ఆయన్ని అందరూ హుందాగా ఉన్నారనే అంటారు. సినిమాల్లో అరవై దాటిన హీరో పక్కన పాతికేళ్ళ పిల్ల ఆడుతుంది, అతని ఈడు నటికి అతని తల్లి వేషం ఇస్తారు. అది చూసీ చూసీ ఆడదానికి వయసు రావడమే తప్పన్నట్టు మనమూ మాట్లాడుతున్నాం. నలభై ఏడేళ్ళు బతికి, ఉద్యోగం చేసి, ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషివి. తల నెరిసినందుకు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఫంక్షన్లో ఎవరైనా "అయ్యో, ఒంట్లో బాగాలేదా?" అంటే "రంగు పడలేదు, మానేశాను" అని చెప్పి భోజనాల సంగతి ఎత్తు.

పార్లర్ అమ్మాయి నిశ్చితార్థంలోపు మొహానికి 'గ్లో' క్రీము ఇస్తానందని రాశావు. పేరూ ఊరూ లేని డబ్బా ముట్టుకోకు. అలాంటి కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది, కేరళలో మలప్పురం జిల్లాలో వాటివల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళను 2023లో డాక్టర్లు గుర్తించారు. ఇంకొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది, వాడినన్నాళ్ళు మెరిసి, ఆపగానే మొహం ఎర్రగా మండుతుంది. ఆ డబ్బుతో థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకో. నెలసరి తప్పుతోందనీ, ఊరికే అలసిపోతున్నాననీ అన్నావుగా, అది అశ్రద్ధ చేసే విషయం కాదు.

మీ అత్తగారితో నువ్వు వాదన పెట్టుకోకు. ఆవిడ చెడ్డది కాదు, ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఆవిడకు చెప్పిందే నీకు చెబుతోంది. ఆదివారం నేనే ఫోన్ చేసి వదినగారితో మాట్లాడతాను. ఈలోపు డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుని, ఏ రోజు దొరికిందో నాకు మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ