అమ్మాయి మానేసింది పరుగునేనా?

ప్రశ్న: నేను వరంగల్ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. వయసు 46. కాలేజీ రోజుల్లో 1500 మీటర్లు పరుగెత్తిన అనుభవంతో, ఆరేళ్ళుగా ఉదయం ఐదు నుంచి ఏడింటి వరకు 14 మంది పిల్లలకు పరుగులో శిక్షణ ఇస్తున్నాను. నా భార్య పక్క మండలంలో ప్రాథమిక పాఠశాల టీచరు, ఎస్‌జీటీ. మధుమేహం ఉన్న మా అమ్మ మాతోనే ఉంటుంది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి రెండేళ్ళు నా దగ్గరే పరుగెత్తి, నిరుడు హఠాత్తుగా మానేసింది. అప్పటినుంచి నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడదు. ఇల్లు నాకు సత్రమైపోయిందని నా భార్య అంటుంది. ఆమెకు క్రీడలంటే గిట్టవు. ఒకప్పుడు భజనల్లో హార్మోనియం వాయించేవాణ్ణి, ఇప్పుడు అదీ లేదు. శిక్షణ మానేయమంటారా?

(ఏడు పేజీల ఉత్తరాన్ని కుదించాము.)

జవాబు: మాస్టారూ, మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. మానేయవద్దు. మానేసినంత మాత్రాన ఇంట్లో గొడవ తగ్గదు సరికదా, ‘మీ కోసమే వదులుకున్నాను’ అనే మాట ఏదో ఒకనాడు కోపంలో మీ నోటినుంచి వస్తుంది, అది మీ అమ్మాయి చెవిన పడుతుంది.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. 800 మీటర్లు పరుగెత్తే మీ విద్యార్థిని నిరుడు జిల్లా స్థాయి ఎస్‌జీఎఫ్ (పాఠశాల క్రీడల సమాఖ్య) పోటీల్లో 2 నిమిషాల 31.4 సెకన్లలో ముగించిందని, సున్నంతో గీసిన మీ బడి ట్రాక్ 200 మీటర్లదే కాబట్టి మలుపుల దగ్గర ఆమెకు సమయం పోతోందని, హనుమకొండ జేఎన్‌ఎస్‌ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం)లోని సింథటిక్ ట్రాక్ మీద అదే పిల్ల ఎంత తేడాగా అడుగు వేస్తుందో చూడాలని పేజీన్నర రాశారు. మీ అమ్మాయి గురించి రాసినవి నాలుగు వాక్యాలు, వాటిలో రెండు ఆమె మానేసిన పరుగు గురించే. ఆమెకు ఇష్టమైన పాఠం ఏదో, ఆమె ఎవరితో స్నేహంగా ఉంటుందో ఏడు పేజీల్లో ఎక్కడా లేదు. మీ భార్య సత్రం అన్న మాటకు నాకు ఇక్కడే అర్థం దొరికింది.

ఆమెకు క్రీడలు గిట్టవన్న మీ మాట మాత్రం నేను నమ్మలేకపోతున్నాను. శనివారం సాధన అయ్యాక పిల్లలకు పెట్టే ఉడికించిన గుడ్లు, నానబెట్టిన శనగలు మీ ఇంటినుంచే వస్తాయని మీరే మరోచోట రాశారు. రాత్రి శనగలు నానబోసి, తెల్లవారుజామున లేచి గుడ్లు ఉడకబెట్టి, అత్తగారికి ఇన్సులిన్ ఇచ్చి, ఆలస్యం కాకుండా టిఫిన్ పెట్టి, బాక్సులు సర్ది, 7:40 బస్సు అందుకునే మనిషికి మీ పిల్లల పరుగు గిట్టదనడం అన్యాయం. ఆమెకు నొప్పి కలిగించింది వేరే ఉంది. ఆగస్టులో ముగ్గురు పిల్లలకు స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) కొనడానికి మీరు 7,500 రూపాయలు ఇచ్చిన సంగతి ఆమెకు దుకాణదారు చెబితే తెలిసింది. పోటీల ప్రయాణాల సంగతి విద్యార్థుల తల్లిదండ్రులు ఫోన్ చేస్తే తెలుస్తోంది. మీ జీతంలోంచి నెలకు ఎంత ఈ పనికి ఖర్చు పెట్టవచ్చో ఇద్దరూ కూర్చుని ఒక అంకె వేసుకోండి, అది దాటవలసి వస్తే ముందుగా ఆమెను అడగండి. గణితం మాస్టారికి ఇది కష్టమైన లెక్కేమీ కాదు.

సమయం విషయంలోనూ మీ పట్టికే మీకు తోవ చూపిస్తోంది. బుధవారం, ఆదివారం పిల్లలకు విశ్రాంతి అని మీరే రాసుకున్నారు. అయినా బుధవారం ఎవరైనా వస్తారేమోనని మైదానానికి వెళుతున్నారు, ఆదివారం జేఎన్‌ఎస్‌కు బయలుదేరుతున్నారు. విశ్రాంతి లేకుండా శిక్షణ ఫలించదని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రెండు ఉదయాలూ అమ్మగారి ఇన్సులిన్, టిఫిన్, బాక్సులు మీవి. సాయం చేస్తానని అనకండి. సాయం అన్నంతసేపూ ఆ పని ఆమెదే అవుతుంది.

ఇక మీ అమ్మాయి. 13వ ఏట 800 మీటర్లను 2 నిమిషాల 44 సెకన్లలో ముగించిన పిల్ల, మరుసటి ఏడాది 2 నిమిషాల 53 సెకన్లకు జారిందని, బద్ధకం పెరిగిందని మిగతా పిల్లలందరి ముందూ మీరు కోప్పడ్డారని రాశారు. ఆ వారమే ఆమె మానేసింది. ఆ వయసులో ఆడపిల్ల శరీరం మారుతుంది, ఎత్తూ బరువూ తుంటి వెడల్పూ మారతాయి, నెలసరి మొదలవుతుంది. ఏడాదో రెండేళ్ళో వేగం నిలిచిపోవడం, కొంత తగ్గడం అరుదేమీ కాదు. పరుగెత్తేది పరాయి పిల్ల అయితే మీరు ముందుగా వాళ్ళమ్మతో మాట్లాడి ఉండేవారని నా నమ్మకం. కన్నకూతురు కాబట్టి ఆ మర్యాద తప్పింది. శిక్షకుడు కోప్పడితే ఇంటికి వెళ్ళి నాన్నకు చెప్పుకోవడానికి మిగతా పిల్లలకు వీలుంది, మీ అమ్మాయికి ఆ వీలు లేదు. ఆమె మానేసింది పరుగునో, మైదానంలోనూ భోజనాల దగ్గరా ఒకే గొంతు వినవలసి రావడాన్నో నేను ఇక్కడినుంచి చెప్పలేను. ఆమె చెప్పగలదు, కానీ ఇప్పుడే అడగవద్దు.

ముందు క్షమాపణ చెప్పండి. ‘నీ మీద కోపం కాదు, నీ భవిష్యత్తు కోసం’ లాంటి తోకలేవీ తగిలించకుండా, ‘ఆ రోజు అందరి ముందూ నిన్ను బద్ధకస్తురాలివన్నాను, అది తప్పు, అది నిజం కూడా కాదు’ అని మాత్రం చెప్పండి. తిరిగి పరుగెత్తమని దాని వెంట అడిగితే ఆ క్షమాపణ బేరమైపోతుంది. ఎప్పుడో ఆమే పరుగెత్తుతానంటే ఇంకొకరి దగ్గర నేర్చుకోనివ్వండి. మీరు గర్వంగా ప్రస్తావించిన కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తినే చూడండి: ఆమె పరుగును మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు, తరువాత ఆమె హైదరాబాదులో నాగపురి రమేశ్ శిక్షణలోకి వెళ్ళింది, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగంలో కాంస్యం గెలిచింది. చెయ్యి మారినంత మాత్రాన మొదట గుర్తించిన గురువు చిన్నబోనక్కరలేదు.

హార్మోనియం బీరువా మీదినుంచి దించండి. మీ అమ్మాయి చిన్నప్పుడు పక్కన కూర్చుని తిత్తి ఆడించేదని రాశారు కాబట్టి ఆమెను పిలవాలనిపిస్తుంది. పిలవకండి, మీకోసం వాయించుకోండి.

ఒక్క పని మాత్రం వాయిదా వేయవద్దు. మీ అమ్మాయి బడినుంచి రాగానే పడుకుంటోందని, మెట్లెక్కితే ఆయాసమంటోందని మీరు మధ్యలో ఎక్కడో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ బడి పిల్లలకు వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర, ప్రైవేటు బడిలో చదివే మీ అమ్మాయికి అందడం లేదేమో కనుక్కోండి. 14 ఏళ్ళ ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. కారణమూ మోతాదూ డాక్టరు చెప్పాలి, సొంతంగా మాత్రలు మొదలుపెట్టకండి. ఆ పరీక్షకు పరగడుపున వెళ్ళనవసరం లేదు. వచ్చే బుధవారం తల్లీకూతుళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి, ఒక పూట సెలవు పెట్టండి. లోపలికి వాళ్ళిద్దరే వెళ్ళాలి. మీరు బయట స్కూటర్ దగ్గర ఉండండి.